వడ్డీ ఎవరి లెక్కలో

తిరుచానూరులో తమ లాడ్జి కౌంటర్ దగ్గర కూర్చుని రఘునాథ్ ల్యాప్‌టాప్‌లో భార్య పేరున పన్ను రిటర్ను నింపుతున్నాడు.

“మోహనా, నీ ఫోనుకు ఓటీపీ వచ్చింటాది, సెప్పు.”

“నాకెందుకొచ్చింది?”

“డిపాజిట్ నీ పేరున ఉండాది గదా. నీకు వేరే రాబడి లేదు, వడ్డీ నీ లెక్కలో సూపిస్తే పన్ను పడదు.”

“మా అక్క ఆపరేషన్‌కు అడిగితే, ఆ దుడ్డు నాది, నీది గాదని కసిరినావే!”

“అది వేరే, ఇది వేరే. దుడ్డు ఎవరిదని ఈ సాఫ్ట్‌వేర్ గూడా అడగతా ఉండాది. నీదనే కొడతా.”

మోహనకు ఒళ్లు మండింది. ఫోను గుప్పిట్లో బిగించింది.

“కొట్టు. నాదని కొడితే, రేపు పొద్దున్నే బ్యాంకుకు పోయి తీసి అక్కకిస్తా. నీదైతే నీ లెక్కలో రాసి పన్ను కట్టు.”

రఘునాథ్ వేలు మీట మీదే ఆగిపోయింది.

“సెప్పయ్యా, ఎవరిది? ఓటీపీ టైమైపోతా ఉండాది.”