మ్యాపు మీద పెన్సిల్ గీతలు

తిరిగొచ్చిన పుస్తకాన్ని పేజీ పేజీ తిప్పి చూస్తేగాని లైబ్రేరియన్ లోపల పెట్టడు. పుస్తకం తిరిగిచ్చినామె అప్పటికే గుమ్మం దాకా వెళ్లిపోయింది.

"ఇలా రామ్మా. ఈ మ్యాపు మీద పెన్సిల్‌తో గీసిందెవరు?"

ఆమె గబగబా వెనక్కి వచ్చింది. "ఏమోనండీ! ఇజ్రాయెల్, అరబ్బు యుద్ధాల మీద ఏవి చదవాలో మీరు జాబితా రాసిచ్చారుగా, అందులో మొదటిదని మా నాన్న కోసం తీసుకెళ్లాను."

"చూడు. 'గుట్ట ఇంత నిటారుగా ఉంటే ట్యాంకు ఎలా ఎక్కుతుంది?' అట. రాత కూడా వంకరటింకర."

ఆమె పుస్తకం లాక్కుని చదివింది.

"మా నాన్న రాతేనండీ. సైన్యంలో మ్యాపులు గీసేవారు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయి ఎనిమిది నెలలైంది, ఆ చేత్తో చెంచా కూడా పట్టలేదు. మా పాప పెన్సిలు కనబడటం లేదని రెండ్రోజులుగా ఇల్లంతా గాలిస్తున్నాం!"

లైబ్రేరియన్ చేతిలోకి తీసుకున్న రబ్బరును మళ్లీ సొరుగులో పడేశాడు.

"ఇది ఇజ్రాయెల్ సేనాని రాసింది. ఇదే యుద్ధం మీద ఈజిప్టు సేనాని రాసింది జాబితాలో రెండోది. ఇస్తాను, పట్టుకెళ్లు."

"అందులో మ్యాపులున్నాయాండీ?"

"పన్నెండు."

"తప్పులో?"

"ఉండకేం తల్లీ, ఆయనే పట్టుకుంటారు."

ఆమె నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. లైబ్రేరియన్ తన పెన్సిలే చెక్కి, పుస్తకం మీద పెట్టి ఇచ్చాడు.

"పాప పెన్సిలు పాపకిచ్చెయ్యమని చెప్పు."