సూర్యాస్తమయం దాకా చెల్లే అధికారం

అధ్యక్షస్థానంలో ఉన్న మన కౌన్సిలు చైర్మను శ్రీ సుబ్బరామరాజు గారికీ, కౌన్సిలు సభ్యులకూ, అన్ని పేటల నుంచీ వచ్చిన పెద్దలకూ, ఎడమపక్క తెర వెనక కూర్చున్న అమ్మగార్లకూ, చోటున్నా లోపలికి రాకుండా వరండాలోనే నిలబడి వింటున్న మా పేటవారికీ, జీవరాజు నమస్కారాలు. బుల్లియ్యా, ఆ దీపం తెరకి మరీ దగ్గరగా ఉంది, కాస్త ఇవతలికి జరపవయ్యా. (నవ్వులు) నవ్వకండి. నా ఉద్యోగానికి ఇవాళ ఆఖరు రోజే అయినా ఇంకా పొద్దుగూకలేదు, అధికారం ఇంకా నాదే.

ఇందాక అధ్యక్షులవారు బంట్రోతు బుల్లియ్య చేత నా మెడలో దండ వేయించి, నన్ను గురించి చాలా మంచి మాటలు చెప్పారు. అందులో ఒకటి, 'మన ఇన్‌స్పెక్టరు జీవరాజు ఈ ఊళ్ళో ప్రతి ఇంటి మనిషి' అన్నది. మీరందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టబోయి, అది నా గురించేనని గుర్తొచ్చి ఆగాను. (నవ్వులు)

ఆ మాటలో నిజం లేకపోలేదు. అగ్నిభయం ఉందని తోచిన ఏ ఇంట్లోకైనా, ముందు నోటీసు ఇచ్చి, సూర్యోదయం తరవాత, సూర్యాస్తమయం లోపల వెళ్ళి తనిఖీ చేసే అధికారం మునిసిపల్ చట్టం నాకిచ్చింది. తాటాకు కప్పు చూడొచ్చు, పొయ్యి చూడొచ్చు, వంటింటికీ గడ్డివాముకీ మధ్య ఎంత ఎడముందో చూడొచ్చు. పొగ కనబడితే నోటీసు కూడా అక్కర్లేదు. అలా ఎవరి వంటిల్లు ఎటువైపు ఉందో, ఎవరి అటక మీద ఏముందో ఈ ఊళ్ళో నాకు తెలిసినంతగా వాళ్ళ వియ్యాలవారికి కూడా తెలియదు. మూడో వరసలో కూర్చున్న పాపాయిగారు మొహం అటు తిప్పుకుంటున్నారు. కంగారు పడకండి, చెప్పను. అయినా చుట్ట తాగి పీక గడ్డిమీద పారేసే అలవాటు మాత్రం మానుకోండి బాబూ. (నవ్వులు)

ఒకసారి ఒక పెద్దమనిషి దేవుడి దగ్గర దీపం వెలిగించి, ఇంటికి తాళంవేసి, ఇంటిల్లిపాదినీ తీసుకుని కోరుకొండ తీర్థానికి వెళ్ళారు. కప్పులోంచి పొగ రావడం చూసి తాళం పగలగొట్టించి ఆర్పించాను. తిరిగొచ్చాక ఆయన, ఇల్లు నిలిపినందుకు నరసింహస్వామికి కొబ్బరికాయ కొట్టారు, దేవుడి గదిలో అడుగుపెట్టినందుకు నన్ను తిట్టారు. ఇద్దరికీ ఎవరి వాటా వాళ్ళకి ముట్టింది.

నేను మిషను బడిలో చదువుకున్న క్రైస్తవుణ్ణి. మా తాతముత్తాతలు మీ వీధుల్లోకి వచ్చింది చెప్పులు చేతబట్టుకునే. కాబట్టి నేను తనిఖీ చేసి వెళ్ళగానే చాలా ఇళ్ళలో పసుపునీళ్ళు చల్లేవారు. మొదట్లో బాధపడేవాణ్ణి. తరవాత ఆలోచిస్తే, అగ్నిభయం ఉన్న ఇంట్లో నీళ్ళబిందె సిద్ధంగా ఉంచాలన్న మా నిబంధన ఆ విధంగానైనా అమలవుతోంది కదా అనిపించింది. (కొందరు నవ్వారు) వరండాలోవాళ్ళు నవ్వలేదు. సరే.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. నాకు చట్టం వరమిచ్చింది, ఇవ్వని పూజారులు గుమ్మానికొకరు. అధ్యక్షులవారు మన్నించాలి, అందులో పెద్దపూజారి వారే. (నవ్వులు. అధ్యక్షులూ నవ్వారు.) ఆ రోజుల్లో కాకినాడ నుంచి పడవల మీద కిరసనాయిలు డబ్బాలు తెప్పించి వారు వ్యాపారం చేసేవారు. అవి ఇంట్లోనే నిలవచేస్తున్నారని నాకు తెలుసు, ఎక్కడున్నాయో తెలియదు. చట్టంలో ఒక మర్యాద ఉంది: ఘోషా పాటించే ఇంటికి వెళితే, ఆడవారు చాటుకు తప్పుకునే దాకా ఆగాలి. మంచి మర్యాదే. నేను పొద్దున్నే వెళ్ళి వీధిలో నిలబడేవాణ్ణి. 'ఆడవాళ్ళింకా తప్పుకోలేదండి' అనేవారు. మధ్యాహ్నం అడిగితే 'భోజనాలవుతున్నాయండి', సాయంత్రం అడిగితే 'దీపాలు తుడుస్తున్నారండి'. ఈలోగా సూర్యుడు గోదావరి అవతలికి దిగిపోయేవాడు, ఆయనతోపాటు నా అధికారమూ దిగిపోయేది. వేసవి వేసవికీ ఇదే వరస. అరుగు మీద కూర్చోమని అనలేరు, వెళ్ళిపొమ్మనీ అనలేరు. రాజుగారి మర్యాదా చెడలేదు, నా ఉద్యోగమూ చెడలేదు, డబ్బాలూ కదల్లేదు.

ఒక ఏడు రోహిణి కార్తెలో పక్క పేట తగలబడింది. తలుపుకి అడ్డంగా కప్పు పడి, లోపల ఒక బాలింత చిక్కుకుపోయింది. ఆమెను బయటికి మోసినవాళ్ళలో నేనొకణ్ణి. అంతకంటే చెప్పను.

ఆ తరవాత నోటీసిచ్చి మళ్ళీ రాజుగారింటికి వెళ్ళాను. అప్పుడే తెల్లవారింది. వీధిలో గూడుబండ్లు తెరలు దించి వరసగా నిలబడి ఉన్నాయి. దాసీ చిట్టెమ్మ ఎదురొచ్చి, ఊరంతా వినబడేలా అంది: "ఇనస్పెట్రుగారండీ! మా పెద్దమ్మగారు సెప్పమన్నారండి. ఆడోళ్ళందరం తప్పుకున్నాం, నిండు సూలాలు కోడలమ్మగారు కూడా బండెక్కేశారు. ఆరి పురిటిగది పక్కనే గడ్డికొట్టుందండి, డబ్బాలన్నీ అందులోనే ఉన్నాయి. మా కోసం పెట్టిన మర్యాద మమ్మల్ని కాల్చడానికేంటి, ఎల్లి సూడమన్నారండి!"

పెద్దమ్మగారంటే రాజుగారి తల్లి, రత్నమాణిక్యం గారు. అంతకుముందు నేనావిడ గొంతు వినలేదు, ఆ రోజూ వినలేదు. రాజుగారు అరుగుమీద నిలబడి బండ్ల వంక చూశారు, నా వంక చూశారు, పక్కకి తప్పుకున్నారు. ఆ సాయంత్రానికి డబ్బాలు ఊరి బయటి కొట్టుకి చేరాయి. ఆ ఇంటికి తరవాత నిప్పంటుకోలేదు. తీయించడం వల్ల అంటుకోలేదా, ఉంచినా అంటుకునేది కాదా అంటే నాకు తెలియదు. మా ఉద్యోగంలో చిక్కే అది. కాలిపోయిన ఇల్లు అందరికీ కనబడుతుంది, కాలకుండా మిగిలిన ఇల్లు మామూలు ఇల్లులాగే ఉంటుంది.

ఆ పురిటిగదిలో పుట్టిన అమ్మాయి పెళ్ళి మొన్న వైశాఖంలో జరిగింది. నేనూ వెళ్ళాను. పందిరి చూశాను, గాడిపొయ్యి పందిరికి దూరంగా తవ్వించాను, వడ్డనలు మొదలయ్యేసరికి వచ్చేశాను. పెళ్ళికూతుర్ని దూరం నుంచి చూశాను. చక్కగా ఉంది.

ఈ ఉదయం మా ఆవిడ దీనమ్మ ఒక మాట అడిగింది: "ఏమండీ, చట్టం చేతిలో ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ అందరూ తలుపు తీశారు. రేపట్నుంచి మిమ్మల్ని లోపలికి ఎవరు రానిస్తారండీ?" ఈ ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ పొయ్యి చూశాను, ఏ వంటింట్లోనూ మంచినీళ్ళు తాగలేదు. అదిగో, కిటికీలో ఎండ పోయింది. బుల్లియ్యా, ఇక దీపం నీ ఇష్టం. నాకిప్పుడు ఎవరి ఇంట్లోనూ అడుగుపెట్టే హక్కు లేదు.

నన్ను సన్మానించిన కౌన్సిలుకీ, ఓపిగ్గా విన్న మీకందరికీ, ఆ రోజు బండ్లు కట్టించి తెర వెనక ఇప్పుడు కూర్చుని ఉన్న రత్నమాణిక్యం గారికీ నా కృతజ్ఞతలు. అధ్యక్షులవారికి కృతజ్ఞతతోపాటు ఒక మనవి. 'ప్రతి ఇంటి మనిషి' అన్నారు. రేపు ఉదయం మీ ఇంటికి వస్తాను. నోటీసు లేదు, తనిఖీ లేదు, చేతిలో చట్టం లేదు. ఆడవారెవరూ తప్పుకోనక్కర్లేదు, అరుగు దగ్గరే ఉంటాను. దాహమేస్తోందని అడుగుతాను. అధికారం ఉన్నన్నాళ్ళూ ఏ గుమ్మం దగ్గరా నాకు భయం వేయలేదు, రేపటి గుమ్మం తలుచుకుంటే మాత్రం వేస్తోందండి.

మీరిప్పుడే ఏమీ అనకండి. తలుపు తీయడమో మానడమో రేపు చూద్దాం. ఒక్కటే చెబుతున్నాను, ఈసారి పొద్దుగూకే దాకా వీధిలో నిలబడను. సెలవు.