బాబాయ్ మడిలో గుమ్మడికాయ

పార్కు గేటు ఎదురుగా ఉన్న టీ కొట్లో లిఫ్టు బాబాయ్ తాగేసిన గ్లాసుని బల్ల మీద బోర్లించాడంటే ఇక ఎవరూ లేవకూడదని అర్థం. పెద్ద ఆఫీసు మేడలో లిఫ్టు నడిపి నడిపి రిటైరైన మనిషి. పొద్దస్తమానం జనాన్ని పైకి ఎక్కించడం, కిందికి దించడం, అదే పని. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు, నోట్లోకి వచ్చి చేరింది. కథ ఎప్పుడూ కింద అంతస్తులోనే మొదలుపెడతాడు, పాపం. ఎక్కించడం గుర్తుంది గానీ దించడం మర్చిపోయాడు.

ఆ శనివారం పొద్దున ఆయన గ్లాసు బోర్లించే వేళకి టైలరమ్మ కొట్లోకి వచ్చి బెంచీ చివర కూలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. టీ కొట్టు అక్క ఏమీ అడక్కుండానే గ్లాసు చేతికిచ్చింది. టైలరమ్మ దాన్ని పట్టుకుందే గానీ తాగాలన్న ధ్యాస లేదు.

పార్కులో కొలను వెనక కాస్త జాగా ఉంది. చుట్టుపక్కల వాళ్ళు దాన్ని ఇటుకలతో మడులుగా చేసుకుని మనిషికొకటి పంచుకున్నారు. ఎవరికి తోచింది వాళ్ళు పెంచుకుంటారు. ఏడాదికో ఆదివారం అందరూ అక్కడే కూడి, తమ మడిలో పండిన గింజలు తెచ్చి ఒకరికొకరు పంచుకుంటారు. ఆ ఆదివారం రేపే. టైలరమ్మ వాళ్ళమ్మ ఏటా ఆ రోజున గుమ్మడి గింజలు పంచేది. చుట్టూ నల్లటి అంచున్న గింజలు, ఇంకెవరి దగ్గరా లేని రకం. తీసుకెళ్ళిన వాళ్ళంతా కాయ కాయగానే కోసుకు తిన్నారే తప్ప, ముదిరేదాకా ఆగి గింజ కట్టినవాళ్ళు ఒక్కరు లేరు. కిందటేడు ఆ తల్లి పోయింది. డబ్బా అడుగున మిగిలిన గింజల్లో మొలిచింది ఒక్కటి, దానికి నిలిచింది ఒక్క కాయ. ఆ కాయని టైలరమ్మ కళ్ళల్లో పెట్టుకుని ముదరనిచ్చింది. తీరా బడి యూనిఫారాల కుట్టుపని మీద పడి నాలుగు రోజులు ఇటు రాలేకపోయింది. ఇవాళ వచ్చి ఆకులు తప్పించి చూస్తే, తెగిన తొడిమ ఉంది, కాయ లేదు. ఎవరితో చెప్పాలో తెలియక ఇలా వచ్చి కూర్చుంది.

"మొన్న నా మడిలో ఒక గుమ్మడికాయ కాసింది," అన్నాడు బాబాయ్, అదేమంత సంగతి కాదన్నట్టు.

టైలరమ్మ చటుక్కున తలెత్తింది.

"నీ మడిలోనా?" అన్నాడు ఎదురు బెంచీ మీది సెలూన్ తమ్ముడు. అతను ఆశ్చర్యపోవడంలో తప్పు లేదు. బాబాయ్ మడిలో ఇంతవరకూ గడ్డి కూడా సరిగ్గా మొలవలేదు. గింజ నాటిన మర్నాడే మొలిచిందో లేదో అని తవ్వి చూస్తాడాయన. చూసి పూడుస్తాడు. ఆ మర్నాడు మళ్ళీ తవ్వుతాడు. ఏ గింజకైనా ఎంత ఓపికుంటుంది చెప్పండి.

"నా మడిలోనే. పొద్దున్నే నీళ్ళ డబ్బా పట్టుకుని వెళ్ళానా, ఆకుల కింద కూర్చునుంది మహారాణిలా. ఉత్తినే కాదురోయ్, కింద పీట వేసుకుని మరీ కూర్చుంది. పెంకు. నేను పెట్టలేదు, ఒట్టు. నేలతల్లే వేసింది. దాని మీద నల్లగా ఒక మచ్చ, ఇటు గుండ్రంగా, అటు కొసగా, రాజముద్రలా ఉంది. చూసి నాకు ఒళ్ళు జలదరించింది."

టైలరమ్మకీ ఒళ్ళు జలదరించింది. కాయ అడుగు కుళ్ళకుండా ఆ పెంకు పెట్టింది తనే. తన షాపులో ఇస్త్రీ పెట్టె ఆనించే పెంకు అది. ఏళ్ళ తరబడి వేడి పెట్టె ఆనించగా పడిన మచ్చ ఆ రాజముద్ర.

లేచి కడిగి పారేద్దామని నోటిదాకా వచ్చింది. ఆగింది. బాబాయ్ సంగతి వీధంతటికీ తెలుసు. నలుగురిలో మాట పడితే అలిగి ఇంటికి పోతాడు, ఇక వారం దాకా తలుపు తియ్యడు. కాయ పోతే పోయింది. గింజలు ఎక్కడున్నాయో ఆయన నోటితోనే రావాలి. కోపాన్ని టీతో పాటు మింగింది.

"గింజలేం చేశావు బాబాయ్?" అంది, వీలైనంత మామూలుగా.

"వస్తున్నానమ్మాయ్. కాయ ఇంకా కొయ్యందే గింజలెక్కడివి? ముందు తీగ సంగతి విను. అలా చూస్తున్నానా, నా కళ్ళ ముందే పాకడం మొదలెట్టింది. నా తువ్వాలు గట్టు మీద పెట్టి ఇటు తిరిగి అటు తిరిగేసరికి తువ్వాలు లేదు, తీగ లాక్కుపోయింది. నీళ్ళ డబ్బా కూడా లోపలేసుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గేటు దాకా పాకి గేటుకి ముడేసింది. వాచ్‌మన్ వచ్చి, అయ్యా, మీ తీగకి కాస్త చెప్పండి, గేటు తియ్యాలి, అని నన్ను బతిమాలాడు. నేను వెళ్ళి వీపు నిమిరితే అప్పుడు వదిలింది."

"తీగకి వీపెక్కడుంటుంది?" అంది టీ అక్క.

"నీకూ ఒకటి కాస్తే తెలుస్తుంది అక్కా. సరే, వాకింగ్‌కి వచ్చే వకీలు గారు లేరూ, ఆయన ఒక్క నిమిషం ఆగి ఫోన్ మాట్లాడుకున్నాడు పాపం, పాదాల నుంచి మెడ దాకా చుట్టేసింది. భార్య వచ్చి చూసి, విప్పకండి బాబూ, పెళ్ళయ్యాక ఈ మనిషి ఒక్కచోట కుదురుగా నిలబడటం ఇదే మొదటిసారి, అని నాకు దణ్ణం పెట్టింది."

"ఎన్నో అంతస్తులో ఉన్నాం బాబాయ్?" అన్నాడు సెలూన్ తమ్ముడు.

"ఇంకా మొదటిదే. నవ్వుల క్లబ్బు వాళ్ళు చెప్పమంటే చెప్తారు. రోజూ చెట్టు కింద నిలబడి హహ్హహ్హ అంటారు కదా, ఇప్పుడు చెట్టెందుకు, నా కాయ నీడలోనే నిలబడ్డారు. అందరూ నీడలో పట్టారు. వాళ్ళు ఒక్కసారిగా నవ్వేసరికి ఆ ఊపుకి కాయ కదిలింది. కదిలి దొర్లింది. ఎటు? పిల్లల బొమ్మల పోటీ జరుగుతున్న వైపు. పిల్లలంతా తలలొంచుకుని రంగులేసుకుంటున్నారు. తల్లులు చూశారు, కేకెయ్యడానికి గొంతులు పెగల్లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?" బాబాయ్ కుడి భుజం తడుముకున్నాడు. "ఈ భుజం అడ్డం పెట్టాను. ఆగింది. వాపు ఇప్పటికీ తగ్గలేదు, చూడండి."

సెలూన్ తమ్ముడు లేచి వచ్చి, గడ్డం గీసే ముందు చెంప పట్టి చూసినట్టు, ఆ భుజాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వాపంతా లోపలికి ఉన్నట్టుంది," అని వెళ్ళి కూర్చున్నాడు.

"గింజలు బాబాయ్," అంది టైలరమ్మ.

"అదే, కొయ్యాలి కదా. కత్తి దిగలేదు. వడ్రంగిని పిలిచి రంపం పెట్టించాను, రంపం పళ్ళు రాలాయి. చివరికి తలుపు సైజులో చెక్కి, టార్చి లైటు పట్టుకుని నేనొక్కణ్ణే లోపలికెళ్ళాను. ఏమనుకున్నారు, అదేమన్నా వంటిల్లా? దారి తప్పాను. కేకేస్తే నా కేక నాకే తిరిగొచ్చి, ఎవరు బాబూ మీరు, అనడిగింది. పోగా పోగా నా తువ్వాలు దొరికింది. నీళ్ళ డబ్బా దొరికింది. సాయంత్రాలు పార్కులో వాయించే బ్యాండు వాళ్ళు లోపల ఒక మూల ప్రాక్టీసు చేసుకుంటూ కనిపించారు, బయట ట్రాఫిక్ మోతట. పైకెళ్దామంటే మెట్లు లేవు. అప్పుడు నాకు తట్టింది. ఎన్నేళ్ళ సర్వీసు నాది? తీగనే తాడు చేసి, నీళ్ళ డబ్బా కట్టి, గుమ్మడికాయలో లిఫ్టు పెట్టేశాను."

టీ అక్క పాలు పొంగుతున్న సంగతి మర్చిపోయి చూస్తూ నిలబడింది. ఆయన కోతలు కొత్త కాదు గానీ, లిఫ్టు ఎక్కించేస్తాడని ఎవరూ అనుకోలేదు. సెలూన్ తమ్ముడికి అంతస్తు అడగడానికి కూడా నోరు రాలేదు.

"పై అంతస్తులోనే గింజలు," అన్నాడు బాబాయ్, టైలరమ్మ వైపు తిరిగి, ఇన్నిసార్లు అడిగింది కదా అన్న ప్రేమతో. "ఒక్కోటి తలుపంత. లిఫ్టులో ఒకదాని తర్వాత ఒకటి దించాను. ఇంటికి చేర్చాను. అక్కడే వచ్చింది తంటా. మీ పిన్నికి గింజ కనబడకూడదు. నేను స్నానం చేసి వచ్చేసరికి ఉప్పేసి వేయించేసింది. అన్నీ. వద్దే, దాచుదామే, అంటూనే ఉన్నాను. టీవీ చూస్తూ ఒలుచుకుని తినేసింది."

ఇంతసేపూ అబద్ధం ఎలా ఉంటుందో విన్నవాళ్ళకి ఇది అబద్ధం కాదని వెంటనే తెలిసిపోయింది. భార్య మీద విసుగు నిజమైన విసుగు. అమ్మ ఏటా కడిగి, బూడిద రాసి, ఆరబెట్టి దాచిన గింజలు, ఎవరో టీవీ ముందు ఒలుచుకు తినేశారు. ఏడుపు కూడా రాలేదు.

"అన్నీనా?" అంది.

"అన్నీనే. ఒక్కటి తప్ప. దాన్ని కాయ కోసినప్పుడే జేబులో వేసుకున్నాను." బాబాయ్ చొక్కా జేబులోంచి బస్సు టికెట్టు మడత ఒకటి తీసి జాగ్రత్తగా విప్పాడు. "అన్నిట్లోకీ చంటిది."

మామూలు గుమ్మడి గింజ. చుట్టూ నల్లటి అంచు.

"తలుపంత అన్నావు?" అన్నాడు సెలూన్ తమ్ముడు.

"ఎండకి కుదించుకుపోయింది."

టైలరమ్మ చెయ్యి చాచి ఆ గింజ తీసుకుంది. తీసుకుని, అందరూ చూస్తుండగా నాలిక మీద పెట్టుకుంది. టీ అక్క "అయ్యో, అదేంటమ్మా" అంటూ రెండడుగులు ముందుకొచ్చింది. టైలరమ్మ కళ్ళు మూసుకుంది. ఉప్పు తగల్లేదు. వేయించిన వాసన కూడా లేదు. పచ్చి గింజే. దాన్ని పైట కొంగుతో తుడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

"బాబాయ్, ఆ పెంకు నాది," అంది. "రాజముద్ర కాదు, నా ఇస్త్రీ పెట్టె మచ్చ. తీగ మొదలు ఎక్కడుందో చూశావా నువ్వు?"

"మొదలా? నా మడిలో కాసిన కాయకి మొదలు నా మడిలో కాక ఇంకెక్కడుంటుందమ్మా?"

"లే. చూద్దాం."

నలుగురూ రోడ్డు దాటారు. టీ అక్క పొయ్యి ఆర్పి మరీ వచ్చింది. కొలను వెనక్కి వెళ్ళి, టైలరమ్మ బాబాయ్ మడిలో గొంతుక్కూర్చుని తెగిన తొడిమ దగ్గర తీగ పట్టుకుంది. ఆకులు పక్కకి తప్పిస్తూ వెనక్కి వెనక్కి జరిగింది. తీగ బాబాయ్ మట్టి మీదుగా వచ్చింది. గుబురు ఆకుల కింద ఇన్నాళ్ళూ ఎవరికీ కనబడని ఇటుకల గట్టు ఎక్కింది. గట్టు దిగింది. టైలరమ్మ మడి మధ్యలో, ఎండు ఆకులు కప్పిన చోట, నేలలోకి దిగిపోయింది. అక్కడ గుర్తుకి పాతిన విరిగిన స్కేలు ముక్క మీద, బట్టల మీద గీసే సుద్దతో రాసిన అక్షరాలు సగం చెరిగి ఉన్నాయి: అమ్మ.

అటు బాబాయ్ మడిలో పెంకు పక్కనే ఒక గుంట ఉంది. ఇంకేదో గింజ నాటి, పొద్దున్నే తవ్వి చూసినట్టున్నాడు, పూడ్చిన మన్ను ఇంకా తడిగా ఉంది.

బాబాయ్ ఆ గుంట వంక చూశాడు, ఇటుకల గట్టు వంక చూశాడు, మళ్ళీ గుంట వంక చూశాడు. ఆయన చెయ్యి మళ్ళీ భుజం మీదికి వెళ్ళింది గానీ, ఈసారి ఎందుకు వెళ్ళిందో ఆయనకే తెలీదు.

"నాదేననుకున్నానమ్మా," అన్నాడు చివరికి. "ఇన్నాళ్ళకి నాకూ ఒకటి కాసిందనుకున్నాను. ఇంటికి ఎత్తుకెళ్తుంటే దారంతా ఎవరో ఒకరు అడిగారు, ఎక్కడిదీ అని. నాదే, నాదే అని చెప్పుకుంటూ వెళ్ళాను."

సెలూన్ తమ్ముడికి నాలిక దురద పెట్టింది. ఊరుకోలేకపోయాడు. "దిగు బాబాయ్," అన్నాడు మెల్లగా. "కింద అంతస్తు వచ్చింది."

ఎవరూ నవ్వలేదు. టైలరమ్మ గుప్పిట విప్పి గింజ వంక చూసుకుంది. ఈయనకి గొప్పలు చెప్పుకునే పిచ్చి లేకపోతే ఇది కూడా పిన్ని మూకుట్లోకి పోయేది. ఆ మాట అనుకునేసరికి తిట్టడానికి దాచుకున్నవన్నీ గొంతులోనే ఆగిపోయాయి. అయినా కోపం పూర్తిగా పోలేదు, ఎందుకు పోతుంది?

"రేపు అందరికీ ఏం పంచుతావమ్మా?" అన్నాడు బాబాయ్.

"ఏం పంచను? ఒట్టి చేతులతో వస్తాను. నువ్వే అందరికీ చెప్పు, ఎందుకు లేవో."

"చెప్తాను. మీ అమ్మ కాయ ఎలాంటిదో మొత్తం చెప్తాను. ఆ నీడా, ఆ దొర్లడం, ఆ లిఫ్టూ..."

"లిఫ్టు వద్దు."

"సరే, వద్దు."

టైలరమ్మ గింజని ఆ బస్సు టికెట్టులోనే మళ్ళీ చుట్టి జాకెట్లో దోపుకుంది. పెంకు తీసి మట్టి దులిపి చంకలో పెట్టుకుంది. రెండడుగులు వేసి ఆగింది.

"ఇది నా మడిలోనే నాటుతాను. నాకు కుట్టుపని ఎక్కువైన రోజుల్లో నీళ్ళు నువ్వే పొయ్యాలి," అంది. "కానీ బాబాయ్, మొలిచిందో లేదో అని తవ్వి మాత్రం చూడకు."

బాబాయ్ ఏదో చెప్పబోయి, వెనక్కి తిరిగి ఆ తడి గుంటని చూసి, నోరు మూసుకున్నాడు.