ముందు కథ వినాలన్న సెలీనా గారు

2003వ సంవత్సరం జూలై 14వ తేదీ సోమవారం ఉదయం, సన్నని తుంపరలో తడిసిన గొడుగుతో శ్రీమతి సెలీనా గారు మన విద్యావలంబన నిధి కార్యాలయంలో సహాయ అధికారిణిగా బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి హైటెక్ సిటీలో మన చుట్టూ అద్దాల మేడల కంటే బండరాళ్లే ఎక్కువ. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉందా అన్నది వారు అడిగిన మొదటి ప్రశ్న. నాటి నుంచి నేటి వరకు ఆ కుర్చీని వారు వదల్లేదు, అడిగే సాహసం మనమూ చేయలేదు.

స్వప్నశీలత వారికి పుట్టుకతో వచ్చిన గుణం. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కి, మబ్బుల్ని చూస్తూ మైమరచి, మన స్టేషన్ దాటిపోయి బోరబండలో తేలిన ఉదయాలు అనేకం. ఆలస్యమెందుకైందని అడిగితే, "ఇవాళ బండి కాస్త ముందుకెళ్లిపోయిందండి" అని ఎంతో నెమ్మదిగా సెలవిచ్చేవారు. తప్పు బండిదే అన్నట్టుండే ఆ ముఖం చూశాక కోప్పడడం ఎవరి తరమూ కాలేదు.

అయితే ఆ పగటి కలల వెనుక ఒక గాయం ఉంది. బాపట్లలో వారి బాల్యంలో, అన్నగారైన మోషే గారు ఆదివారం ఆరాధనలో పాటల పుస్తకాన్ని ఏదో ఒక పేజీ దగ్గర తెరిచి పట్టుకుని, చరణాలన్నీ కంఠతా పాడేవారట. ఆ పుస్తకంలో ఒక్క పంక్తి కూడా ఆయన చదవలేరన్న సంగతి పక్కన నిలబడిన చెల్లెలికి మాత్రమే తెలుసు. బడిలో ఆయన్ని మొద్దు అన్నారు. ఆ మాట బడి నుంచి ఇంటికి వచ్చింది, పెళ్లిచూపులకూ వెంట వెళ్లింది. తెలివి ఉండీ అక్షరం దగ్గర తడబడే మనిషికి ఆ తడబాటు పేరేమిటో చెప్పగలిగే రోజు రావాలని సెలీనా గారు కిటికీలోంచి చూస్తూ కలగన్నది అప్పటి నుంచే.

2008లో కార్యక్రమ అధికారిణిగా, 2016లో పరిశోధన సహాయ విభాగాధిపతిగా పదోన్నతులు పొందిన వారు, చదవడంలో, రాయడంలో, గణితంలో పిల్లలకు ఎదురయ్యే అభ్యసన వైకల్యాలపై జరిగే పరిశోధనలకు నిధుల మార్గం తెరిచారు. ఇంగ్లీషు పిల్లల కోసం తయారైన కొలతలు గుణింతాలతో, వొత్తులతో కుస్తీపట్టే మన పిల్లలకు సరిపోవని సమావేశం తరువాత సమావేశంలో విన్నవించి, తెలుగులోనే ఒక పరీక్షను రూపొందించే దీర్ఘకాల అధ్యయనానికి పాలకమండలిని ఒప్పించారు. ఆ బాధ్యతను యువ పరిశోధకురాలు రేఖ గారు స్వీకరించారు.

తొలి ఫలితాలు ఘనంగా వచ్చాయి. ప్రకటనకు సభ కూడా ఖరారైంది. సభకు ముందు ఒకసారి పిల్లల్ని చూసి వస్తానని సెలీనా గారు రేఖ గారిని వెంటబెట్టుకుని, పరీక్షలు జరిగిన కోకాపేటలోని బడికి వెళ్లారు. పఠన వైకల్యం ఉన్నట్టు తేలిన పిల్లల్లో మినతి అనే పాప కిటికీ దగ్గర కూర్చుని, కడుతున్న మేడ మీది క్రేన్‌ను తదేకంగా చూస్తోంది. కిటికీ కనబడ్డాక సెలీనా గారు ఆగుతారా? పక్కనే చేరి తామూ క్రేన్‌ను చూడసాగారు. కాసేపటికి ఆ పాప క్రేన్‌కో గొంతు, మబ్బుకో గొంతు పెట్టి ఏదో చెప్పనారంభించింది. చెప్పింది ఒడియాలో. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అది మొదలూ ముగింపూ ఉన్న చక్కని కథ అని వారికి తెలిసిపోయింది.

"రేఖా, వింటున్నావా అమ్మా? మనం ఈ పిల్లని ఏ భాషలో పరీక్షించాం?"

రేఖ గారి ముఖం పాలిపోయింది. తెలుగు బడి గనుక ఇళ్లలోనూ తెలుగే అనుకున్నారు. మేడలు కట్టడానికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకు, రాని భాషలో పరీక్ష పెట్టి, చదవలేని పిల్లలని తేల్చేశారు.

"గిప్పుడు తప్పయిందని చెప్తే నిధులు ఆపేస్తరు మేడం. ఇగ మన పరిశోధన ఖతమే."

"ఆపితే ఆపనీ అమ్మా. ఈ పిల్లల నుదుట మనం రాసింది ముందు చెరిపేద్దాం."

మరునాడు పాలకమండలి ముందు సెలీనా గారు తప్పును దాచక చెప్పారు. రేఖ గారు భయపడ్డట్టే నిధులు నిలిచిపోయాయి. జీవితమంతా కన్న కల చేజారినట్టే అనిపించిన ఆ ఏడాది, వారు కిటికీవైపు చూడడం కూడా మానేశారు. మాకు అదే ఎక్కువ బెంగ కలిగించింది. అయినా ప్రతి నెలా మండలికి విన్నవించుకోవడం మాత్రం మానలేదు. చివరకు అధ్యయనం ఒక కొత్త నియమంతో తిరిగి మొదలైంది: ముందు పిల్లలు తమ ఇంటి భాషలో ఒక కథ చెప్పాలి, అది శ్రద్ధగా విన్న తరువాతే పరీక్ష. నేడు మనం నిధులిచ్చే ప్రతి అధ్యయనంలోనూ ఆ ఆనవాయితీ సాగుతోంది. మినతికి ఏ వైకల్యమూ లేదని తేలింది. నిజంగా తోడు అవసరమైన పిల్లలు బయటపడి, వారికి తగిన బోధన అందుతోంది.

పెద్దలకూ ఆ పరీక్ష సిద్ధమైన ఈ ఏడాది, మియాపూర్‌లో షామియానాల దుకాణం నడుపుతున్న మోషే గారు, "నాకూ చేస్తారేంటమ్మా?" అంటూ వచ్చారు. నియమం ప్రకారం ముందు కథ చెప్పారు. చెల్లెలు పుట్టిన రోజు వానలో మంత్రసాని కోసం పరుగెత్తిన కథ. పరీక్ష అయ్యాక, ఆయనది పఠన వైకల్యమని, తెలివితేటలకు ఏ లోటూ లేదని రేఖ గారు వివరించారు.

"అయితే నేను మొద్దుని కాదన్నమాటేగా, చెల్లెమ్మా?"

సెలీనా గారు అన్నగారి చేయి పట్టుకుని ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీ వారు ఇతరులకు ఇవ్వడం మేము చూసింది ఆ ఒక్కసారే.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న సెలీనా గారికి ఆ సర్వేశ్వరుడు సంపూర్ణ ఆరోగ్యాన్ని, నిండు నూరేళ్ల ఆయుష్షును ప్రసాదించుగాక. ఇకపై వారి బండి ఏ స్టేషన్ దాటిపోయినా సంజాయిషీ అడిగేవారుండరు. ఆదివారం ఆరాధనలో పక్కన అన్నగారు కంఠతా పాడుతుండగా, ఇక దాచాల్సిందేమీ లేదు గనుక ఆయన చేతిలోని పుస్తకం మూసే ఉండుగాక.