లోరెన్ ఇంటి చక్రాలు

అయోవాలో ఓ చిన్న ఊరు, ఊరి చివర ట్రైలర్ ఇళ్ల పార్కు, అంటే చక్రాల మీద లాక్కొచ్చి ఓ కంపెనీ స్థలంలో అద్దెకి దించుకున్న ఇళ్లు. ఆదివారం మధ్యాహ్నం లోరెన్ తన ఇంటి కింద దూరి వెల్లకిలా పడుకున్నాడు. పక్కింటి వెర్నా బయట నిలబడింది.

"బయటికి రా లోరెన్."

"పనిలో ఉన్నా."

"ఏం పని?"

"పైపు కారుతోంది."

"పైపు అటువైపు కదా. నువ్విటు పడుకున్నావేం?"

"రెండు చోట్లా కారుతోంది వెర్నా. పాత ఇల్లు. నీకు తెలీనిదేముంది?"

"పార్కు వాళ్లందరి మీటింగుకి రాలేదేం? మంచాన పడ్డ హెల్గాని కూడా కుర్చీలో మోసుకొచ్చారు. నువ్వొక్కడివే లేవు."

"చెప్పాగా, పైపు."

"సరే, అక్కడే పడుకుని విను. రేపు పొద్దున్నే కంపెనీ వాళ్ల బుల్డోజర్లు వస్తున్నాయి. ఖాళీ చేయించిన ఇళ్లని పడగొడతారట. అవి పడితే కింద మనందరి నీళ్ల పైపు పగలక మానదు. నీళ్లు లేని చోట మనుషులు ఉండకూడదని మనందర్నీ గెంటేస్తారు."

"తెలుసు."

"జడ్జి మన మాట వినేది ఎల్లుండి. ఈ స్థలం మేమే కొనుక్కుంటాం మొర్రో అని చెప్పుకోవాలంటే అప్పటిదాకా వాళ్లు లోపలికి రాకూడదు. వింటున్నావా?"

"వింటున్నా. ఏం తేల్చారు మరి?"

"ఏం తేలుస్తాం, నా మొహం. గేటు దగ్గర చేతులు పట్టుకుని నిలబడదాం అన్నాడొకడు. పోలీసులొచ్చి చంటిపిల్లల్ని ఎత్తినట్టు ఎత్తి పక్కన పెడతారు అన్నాడు ఇంకొకడు."

"ఆ రెండోవాడికి బుద్ధుంది."

"నీకు నవ్వులాటగా ఉంది. ఇంతకీ ఈ రేకులన్నీ ఎందుకు విప్పావు?"

"ఏ రేకులు?"

"ఇంటి అడుగు చుట్టూ కప్పి ఉండే రేకులయ్యా. పైపుకైతే ఒకటి విప్పితే చాలు. నువ్వు నాలుగు వైపులా విప్పేశావు."

"గాలి ఆడాలని."

"పక్క పొలం డేల్ ట్రాక్టరు నీ వాకిట్లో ఎందుకుంది? అదీ గాలికేనా?"

"ఊరికే. అడిగితే ఇచ్చాడు."

"లోరెన్."

"ఊఁ."

"అవి టైర్లు కదూ?"

"ఏవి?"

"నన్ను గుడ్డిదాన్ని చెయ్యకు. చక్రాలు బిగిస్తున్నావు నువ్వు. వేరే ఎక్కడ చూపించారు నీకు స్థలం?"

"ఎవరూ ఏదీ చూపించలేదు."

"మొన్న వెళ్లిపోయిన ఆ బడ్ కూడా పైపు అనే అన్నాడు. మర్నాడు చూస్తే ఇల్లున్న చోట గడ్డి."

"నేను బడ్‌ని కాను."

"కాదు, వాడే నయం. వాడు కబుర్లు చెప్పలేదు. ఇక్కడ దిగిన రోజు చక్రాలు పీకించి వీధంతటికీ బీరు పోసింది నువ్వు. ఇక కదిలేది లేదన్నది నువ్వు. మీ ఆవిడ కోలీన్ పోయినప్పుడు వారం రోజులు నీ పొయ్యి వెలగనిచ్చామా మేము?"

"కోలీన్ మాట ఎత్తకు."

"ఎత్తుతాను. ఆమె ఉంటే నీ చేతిలోంచి ఆ రెంచి లాక్కునేది. అయినా ఎక్కడికి లాక్కెళ్తావు దీన్ని? ఇంత పాత ఇంటిని ఏ పార్కులోనూ రానివ్వరు. కదిపితే నడుం విరుగుతుంది."

"విరుగుతుంది. తెలుసు."

"తెలిసీ?"

"తెలిసే. వెర్నా, నువ్వు ఇంటికెళ్లు. అసలిటు రాలేదనుకో."

"ఎందుకనుకోవాలి?"

"ఎల్లుండి జడ్జి ముందు ప్రమాణం చేసి మాట్లాడేది నువ్వు. నీకు తెలీకపోతేనే మంచిది."

"ఏం తెలీకపోతే? ఎంతసేపు నములుతావయ్యా నీళ్లు?"

"వెళ్లవూ?"

"వెళ్లను. నాకు ఏడుపొస్తోంది లోరెన్. ఎవరు పోయినా నువ్వుంటావనుకున్నాను. నువ్వే పోతే నేనెవర్ని చూసుకుని నిలబడను?"

"అబ్బా, నేను పోతున్నానని ఎవరు చెప్పారు నీకు?"

"మరి ఈ చక్రాలు?"

"గేటు దాకానే. అక్కడ రోడ్డుకి అడ్డంగా పెట్టి, చక్రాలు పీకేసి, లోపల తలుపేసుకుని కూర్చుంటా. మనిషున్న ఇంటిని లాగెయ్యాలంటే వాళ్లకీ జడ్జి కావాలి. జడ్జి దొరికేది ఎల్లుండే."