మేడ మీది యంత్రం, తీగ మీది చేతిరుమాలు

1991 జూన్ 11వ తేదీ, మంగళవారం, ఉదయం పదిన్నర గంటలకు మన ప్రాంతీయ పర్యావరణ అధికారిణి గారు ఈ శాఖలో ప్రయోగశాల సహాయకురాలిగా తొలి సంతకం చేశారు. అభినందన సంచిక సంపాదకవర్గం నాకు అందించిన కాగితంలో జూన్ 12 అని ఉంది. నేను నమ్మలేదు. సర్వీసు రిజిస్టరు తెప్పించి, ఆ పుట తీసి, తేదీ మీద వేలు పెట్టి చూసుకున్న తరువాతే ఈ వాక్యం రాశాను. ముప్పై నాలుగేళ్ళ నిష్కళంక సేవను కీర్తించబోతూ మొదటి రోజునే తప్పు రాస్తే ఎలా? నా అనుమానం సంగతి మీకందరికీ తెలిసిందే. యంత్రాల విభాగాధిపతినైన నేను కుర్చీలో కూర్చోబోయే ముందు కుర్చీ కాళ్ళు కూడా లెక్కపెడతానని క్యాంటీన్‌లో చెప్పుకుంటారట. ఒకసారి మూడే ఉన్నాయి, కాబట్టి ఆ అలవాటు మానలేదు.

మేడం గారు తొలి పదేళ్ళూ కాలువ నీటి నమూనాల సేకరణలోనూ, తదుపరి పన్నెండేళ్ళూ పరిశ్రమల తనిఖీలోనూ గడిపి, పదోన్నతులన్నిటినీ ఆలస్యంగానే అయినా అర్హతతోనే అందుకుని, 2013లో మన ప్రాంతీయ కార్యాలయానికి అధిపతిగా విచ్చేశారు. వారు రాకమునుపే వారి ఖ్యాతి వచ్చింది. ఫ్యాక్టరీల వారు వారిని కఠినురాలు అనేవారు, పాత కార్యాలయపు సహోద్యోగులు మెతకమనిషి అనేవారు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని నేను తీర్మానించుకుని, అది ఎవరో తేల్చడానికి కనిపెట్టుకుని ఉన్నాను.

వచ్చిన రెండో వారం నుంచే నా అనుమానానికి ఆహారం దొరికింది. ప్రతి గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు వారు ఒక మడత పీట చంకన పెట్టుకుని, కార్యాలయపు జీపు వద్దని, సిటీ బస్సెక్కి ఎక్కడికో వెళ్ళేవారు. "పీట మేడం" అన్న పేరు అప్పుడు పుట్టిందే. వెళ్ళేది లాండ్రీ కాలనీకని డ్రైవరు ద్వారా తెలిసింది. అట్టపెట్టెల కాగితం తయారుచేసే మిల్లు తూర్పు గోడను ఆనుకుని, హోటళ్ళ దుప్పట్లూ ఆసుపత్రి పక్కగుడ్డలూ ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే కుటుంబాలు ఓ ఎనభై ఉండే కాలనీ అది. దగ్గు లేని ఇల్లు అక్కడ లేదు. అక్కడికి వెళ్ళి వీరు అడిగేది మాత్రం ఫిర్యాదులు కాదట. "ముందు బాగుపడ్డది ఒకటి చెప్పండి" అంటారట. పొగ మింగే వాళ్ళను పట్టుకుని బాగుపడ్డదేమిటని అడిగేవారు ఎవరుంటారు, మిల్లు వారు పంపిన మనిషి తప్ప? అదీ నా తర్కం. నేరం దొరికింది, ఇక రుజువు ఒక్కటే తక్కువ అనుకున్నాను.

రుజువు కోసం ఒక గురువారం నేనూ తరువాతి బస్సెక్కాను. కాలనీ మొదట్లో నిలిపి ఉన్న నీళ్ళ ట్యాంకరు వెనక నక్కి చూడసాగాను. మేడం గారు ఉతుకు బండల పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా పది పదిహేనుమంది ఆడవాళ్ళు, వాళ్ళకు పెద్దగా ఒకావిడ. ఆమెను అందరూ పెద్దమ్మ అంటారు. అయిదు నిమిషాలు గడిచాయో లేదో, మేడం గారు తల తిప్పకుండానే గొంతు పెంచారు.

"అక్కడ ఎండగా ఉంటుంది. ఇటు నీడలోకి రండి."

తేలు కుట్టిన దొంగలా బయటికి వచ్చాను. పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవరమ్మా ఈయన? మిల్లోళ్ళ మనిషా?"

"మా ఆఫీసాయనే. నామీద కాస్త అనుమానం."

"మాకూ ఉండేదిగా," అంది పెద్దమ్మ, పక్కకు జరిగి నాకు చోటిస్తూ. "మంచి చెప్పమని ఎవరడుగుతారు, చెడ్డని కప్పిపెట్టేవాళ్ళు తప్ప అనుకున్నాం. నాలుగు వారాలు నోరు మెదపలేదు ఎవరమూ. పాపం ఆవిడే కూర్చుని లేచిపోయేది."

"మరి ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు చెప్తున్నాం. ఆదివారం ఆరేసిన దుప్పట్లు తెల్లగా ఉంటున్నాయి బాబూ. తక్కిన రోజులవి రెండోసారి ఉతుక్కోవాల్సిందే. అదీ బాగుపడ్డది."

మేడం గారు నోటు పుస్తకం నా చేతికిచ్చారు. నాలుగు నెలల గురువారాలు అందులో ఉన్నాయి. దుప్పట్లు తెల్లగా ఆరిన రోజులన్నీ ఆదివారాలే. ఒక వారం మాత్రం మూడు రోజులు వరసగా తెల్లగా ఆరాయి, ఆ మూడు రోజులూ మిల్లు బాయిలరు మరమ్మతులో ఉంది. ఎప్పుడూ పొగే అని చెప్పే మనిషి మాట ఏ విచారణలోనూ నిలవదు. ఏ రోజు పొగ లేదో చెప్పగలిగిన మనిషి చేతిలో సాక్ష్యం ఉంటుంది. వారి ప్రశ్నలోని ఆంతర్యం నాకు అక్కడ, ఆ బండ మీద కూర్చున్నప్పుడు బోధపడింది. బోధపడగానే నోటు పుస్తకం మూసి తిరిగి ఇచ్చేశాను, ఎందుకంటే వారు తరువాత అడగబోయేది ఏమిటో నాకు తెలుసు.

"గాలి కొలిచే మన యంత్రం లెక్కల్లో ఆదివారానికీ సోమవారానికీ తేడా లేదు. ఏడేళ్ళుగా ఒకటే అంకె," అన్నారు మేడం గారు. "మీ యంత్రం ఎక్కడ పెట్టారు?"

"నీటి సరఫరా ఆఫీసు మేడ మీద," అన్నాను. "చాలా మంచి యంత్రమండీ."

"యంత్రం మంచిదే."

తెలియని వారి కోసం చెబుతున్నాను. గాలిని పీల్చి, అందులోని ధూళిని తెల్లటి వడపోత కాగితం మీద పట్టి, తూకానికి అందించే యంత్రం అది. నీటి సరఫరా కార్యాలయం మిల్లుకు పడమర, కాలనీ తూర్పు. మన ఊళ్ళో ఏడాదిలో తొమ్మిది నెలలు పడమటి గాలే. అంటే ఇటు మిల్లుకు వెళ్ళబోయే స్వచ్ఛమైన గాలిని మేము కొలిచాము, అటు మిల్లు దాటి వచ్చిన గాలిని వాళ్ళు పీల్చారు. భద్రత దృష్ట్యా అని రాసి ఆ స్థలాన్ని 2006లో నిర్ణయించింది నేను.

నేను ఒప్పుకోలేదు. అప్పుడు మేడం గారు రెండు తెల్ల చేతిరుమాళ్ళు కొని, ఒకటి మేడ మీద యంత్రం పక్కన, ఒకటి పెద్దమ్మ తీగ మీద వారం రోజులు ఆరవేయించారు. మొదటిది తెల్లగానే వచ్చింది. రెండోది స్టవ్వు తుడిచిన గుడ్డలా వచ్చింది. ఎవరో మార్చారన్నాను. మా ఆవిడ నాకు కొనిపెట్టిన జత రుమాళ్ళు తీసి, మూలల్లో చెరగని సిరాతో సంతకం చేసి, నా చేతులతో ముడివేసి, మరో వారం ఆరవేశాను. ప్రతి ఉదయం వెళ్ళి ముడులు చూసుకున్నాను. వారం తరువాత రెంటినీ ఇంట్లో బల్లమీద పరిస్తే మా ఆవిడ, "ఏవండీ, ఇవి ఒకే రోజు కొన్నవేనా?" అంది. నా సంతకం ఒకదాని మీద స్పష్టంగా ఉంది. రెండోదాని మీద వెతుక్కోవలసి వచ్చింది.

ఇక నాకు మెమో తప్పదనుకున్నాను. మెమో రాలేదు. స్థల నిర్ణయపు ఫైలే వచ్చింది, మేడం గారే స్వయంగా తెచ్చి నా బల్లమీద పెట్టారు.

"యంత్రం మార్చమని నేను రాస్తే ఇద్దరు ఆఫీసర్ల పోట్లాటవుతుంది, ఆరేళ్ళు నడుస్తుంది. మీరే రాస్తే ఆరు వారాల్లో కదులుతుంది. ఏం రాస్తారో మీ ఇష్టం," అన్నారు.

ఇందులో ఏదో ఉచ్చు ఉందని రెండు రోజులు ఫైలు ముట్టుకోలేదు. చివరికి మా ఆవిడే విసుక్కుంది. "ఆవిడ మిమ్మల్ని ముంచాలనుకుంటే ఫైలు మీకెందుకిస్తుంది? నకలు తీసి పైకి పంపేది కాదూ? అందరూ మీలాగే ఆలోచిస్తారనుకోకండి." నేను రాశాను. "సాంకేతిక కారణాల వల్ల యంత్రమును లాండ్రీ కాలనీకి తరలించుట అవసరము" అని రాశాను. తప్పు అన్న మాట ఎక్కడా రాకుండా చూసుకున్నాను. మేడం గారు చదివి, ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, సంతకం పెట్టారు. 2014 ఫిబ్రవరిలో యంత్రం పెద్దమ్మ ఇంటి డాబా మీదికి చేరింది, అంకెలు మూడింతలయ్యాయి.

తదనంతర చరిత్ర మీకు తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. బహిరంగ విచారణలో మిల్లు మేనేజరు లేచి, కాలనీ వాళ్ళే నీళ్ళు కాచుకోవడానికి పాత టైర్లు కాలుస్తున్నారని అన్నాడు. సభ అంతా మేడం గారి వైపు చూసింది. వారు పెద్దమ్మ వైపు చూశారు.

"కాలుస్తున్నాం," అంది పెద్దమ్మ. "నీళ్ళు కాగకపోతే ఆసుపత్రి గుడ్డల మరకలు పోవు బాబూ. మీరేమో కాగిన నీళ్ళు పట్టుకెళ్ళి కాలవలో పోస్తున్నారు. మేమేమో చన్నీళ్ళు కాచుకోడానికి టైర్లు కాలుస్తున్నాం. మీకూ బుద్ధి లేదు, మాకూ బుద్ధి లేదు. కాకపోతే పొగ ఇద్దరిదీ, దగ్గు మాత్రం మాదొక్కళ్ళదే."

మేనేజరు కూడా నవ్వాడు. ఆ నవ్వును నేను నమ్మలేదు గానీ, మేడం గారు దాన్ని పట్టుకుని మరో పద్నాలుగు గురువారాలు మాట్లాడారు, ఈసారి మిల్లు గేటు లోపల, అదే పీట మీద. ఫలితంగా పొగగొట్టానికి ధూళి వడపోత వచ్చింది. మిల్లు వేడినీటి గొట్టాన్ని కాలనీ తొట్లలోంచి తిప్పి కాలువకు పంపారు, గొట్టంలోని నీరు గొట్టంలోనే పోతుంది, దాని వేడికి తొట్టిలోని మంచినీరు కాగుతుంది. కాలనీలో టైర్లు కాల్చడం ఆగిపోయింది, బొగ్గు వాడకమూ తగ్గింది. గొట్టం కారుతుందేమోనని ఆ తొట్టి నీటిని నేను నెలనెలా పరీక్షిస్తూనే ఉన్నాను. ఇంతవరకు ఏమీ దొరకలేదు, పరీక్ష మాత్రం మానను. ఇన్నేళ్ళ గురువారాలలోనూ సాయంత్రపు వంట తామే చేసి, ఆ పీటకు రెండుసార్లు మేకులు కూడా కొట్టిన వారి భర్త మాస్టారు గారికి ఈ సందర్భంగా కార్యాలయం తరఫున నమస్కారములు.

సాధారణంగా ఇలాంటి వ్యాసం ఇక్కడ ఆశీస్సులతో ముగియాలి. కానీ గత నెలలో, మేడం గారి పదవీ విరమణ ఉత్తర్వు వచ్చిన వారంలోనే, ప్రధాన కార్యాలయం నుంచి నాకు మరొక కాగితం వచ్చింది. "2014లో పేర్కొన్న సాంకేతిక కారణాలు ప్రస్తుతం లేనందున, భద్రత దృష్ట్యా యంత్రమును పూర్వ స్థానమునకు తరలించుటపై అభిప్రాయము తెలుపగలరు." ఎవరు అడిగించారో నాకు తెలియదు. మిల్లు మేనేజరును అడిగితే తనకేమీ తెలియదన్నాడు. రెండు కాగితాలూ ఒకే వారంలో రావడం మాత్రం నాకు నచ్చలేదు. అంతకన్నా నచ్చనిది ఏమిటంటే, ఆ కాగితం నడుస్తున్నది నా మాటల మీదే. సాంకేతిక కారణాలు అన్నదీ నేనే. 2006లో భద్రత అన్నదీ నేనే.

కాగితం పట్టుకుని మేడం గారి గదికి వెళ్ళాను. ఏదో ఒకటి చేయమన్నాను.

"నేనింక తొమ్మిది రోజులుంటాను. మీరు రెండేళ్ళుంటారు," అన్నారు. తరువాత పీట జరిపి కూర్చోమన్నారు. "ముందు బాగుపడ్డది ఒకటి చెప్పండి."

పన్నెండేళ్ళలో ఆ ప్రశ్న నన్ను అడగడం అదే మొదలు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని నా సీటుకు వచ్చేశాను.

ఈ ఉదయం నా అభిప్రాయం రాసి, సంతకం చేసి, ఫైలులో పెట్టాను. దాని పాఠం ఇది: "2006లో యంత్రము ఉంచిన స్థలము తప్పు. ఆ తప్పు నాది. భద్రత అని నేను రాసినది, కాలనీవారు యంత్రము తీగలు కోసుకుపోవుదురన్న అనుమానముతో. పదకొండు సంవత్సరములుగా యంత్రము వారి డాబా మీద ఉన్నది. ఒక్క మేకు పోలేదు. వాన వచ్చిన ప్రతిసారీ వారే పట్టా కప్పినారు. నా అనుమానము వలన ఎనుబది కుటుంబముల దగ్గు ఏడు సంవత్సరములు లెక్కలోనికి రాలేదు. యంత్రమును కదల్చరాదు."

ఫైళ్ళను నేను నమ్మను. అవి తడుస్తాయి, జారిపోతాయి, ఒక్కోసారి అవసరమైన పుట ఒక్కటే చెద తింటుంది. అందుకే ఆ పాఠాన్ని ఈ అభినందన సంచికలో అచ్చు వేయిస్తున్నాను. ఇది మూడువందల ప్రతులు పడుతుందట, ఒకటి పెద్దమ్మకు నేనే ఇచ్చి వస్తాను. పెద్దమ్మా, ఆ ఏడేళ్ళకు నన్ను మన్నించమని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

మేడం గారూ, మీ ప్రశ్నకు నా జవాబు ఆలస్యంగా ఇస్తున్నాను. ఈ వారం బాగుపడ్డది ఆ ఒక్క కాగితం. తమరు భర్తగారితో, కుమార్తెతో, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు సుఖంగా జీవించాలని, విశ్రాంతి జీవితంలోని ప్రతి శ్వాసా తేలికగా సాగాలని మనసారా కోరుకుంటున్నాను. ఆ నూరేళ్ళలో అప్పుడప్పుడు ఒక గురువారం మాత్రం మాకు కేటాయించండి. పీట తెచ్చుకుని, పెద్దమ్మ డాబా ఎక్కి, యంత్రం అక్కడే ఉందో లేదో మీ కళ్ళతో చూసి వెళ్ళండి. నేను చెప్పానని నమ్మి ఊరుకోకండి.