పుల్లైసు ఇస్మాయిల్ గంట

రా అప్పా, లోపలికి రా. చెప్పులు ఆడనే ఇడువు. అంగీనా, నిక్కరా? అంగీనే కదా, సరే, ఎలుతురు కల్లా తిరుక్కో. చెయ్యి పైకెత్తు. యావూరు మీది? రామసముద్రమా? ఆడ ఎవురి పిల్లోడివి? ఆఁ? రెడ్డెప్ప మనవడివా! పరుగుల రెడ్డెప్ప మనవడివా! అదే అనుకుంటాండా, ఈ పొడుగు కాళ్ళు యాడనో సూసినానే అని. మీ తాతకు పందేల నిక్కర్లన్నీ కుట్టింది ఈ మునికృష్ణనేనప్పా. పక్కన చీలిక పెట్టి కుట్టేవాణ్ణి, తొడకు తగలకుండా. ఆ చీలిక చూసి ఊర్లో ఆడోళ్ళంతా నవ్వితే మీ తాత నాలుగు దినాలు నా అంగడి పక్కకే రాలా. ఏమంటివి? స్టేట్ మీట్‌కు ఎందుకు పోలేదు తాతా అంటే, పుల్లైసు సాయిబు కొంప ముంచినాడని చెప్తాడా? ఇంకా అదే మాటంటాండాడా మీ తాత? నలభై ఏండ్లు దాటిపోయె కదప్పా! సూడు, నువ్వు చిన్నోడివి, నీకు తెలీదు. ఇస్మాయిల్ని మాత్రం ఆ మాట అనొద్దు. నా అంగట్లో నిలబడి అసలే అనొద్దు.

ఇస్మాయిల్ ఎవురనుకున్నావ్? సైకిల్ ఎనక పెట్టె కట్టుకోని, ఇత్తడి గంట కొట్టుకుంటా పుంగనూరంతా పుల్లైసు అమ్మేవాడు. సన్నగా ఉండేవాడు, తలకు ఎప్పుడూ ఒక తుండుగుడ్డ. ఆయనకు పరుగు పందేలంటే పిచ్చి. నూరు మీటర్లూ అవీ కాదు, అవి సూసేవాడే కాదు. "అరే మునికృష్ణా, కన్ను మూసి తెరిస్తే అయిపాయె, దాంట్లో ఏముంది మజా? పది వేల మీటర్లు సూడు, మనిషి లోపల ఏముందో అంతా బయటికొస్తాది" అనేవాడు. ఏ మీట్‌లో ఎవురు ఎన్ని నిమిషాలకు వచ్చినారో అన్నీ నోటికే. అయిదో తరగతి కూడా సదవలా, పేపర్లో రిజల్టు పడితే నా కాడికి తెచ్చి సదివించుకునేవాడు. ఒకసారి విన్నాడంటే ఇంగ మర్చిపోడు. నేను అంగీల కొలతలు రాసిపెట్టుకున్నా మర్చిపోతా, ఆయన మాత్రం... చెయ్యి దించొద్దప్పా, అట్లే పెట్టు, సంక కింద చూడల్ల.

మదనపల్లెలో జిల్లా మీట్ అంటే మాకు తిరనాళ్ళే. నేను మిషను మీద గుడ్డ కప్పేసి, ఆయన పెట్టెనిండా ఐసు నింపుకోని, ఇద్దరం పొద్దున్నే పోయేవాళ్ళం. బస్సు పైన సైకిలు, పక్కన మేము. ఆడికి కుప్పం వాళ్ళు వచ్చేవాళ్ళు సూడు, వాళ్ళ గోల ఒకటి. కుప్పం వాళ్ళు గెలిస్తే మూడు భాషల్లో అరుస్తారు, తెలుగు, అరవం, కన్నడం. ఓడిపోతే మాత్రం ఏ భాషా రాదు వాళ్ళకు. వాళ్ళల్లో లక్ష్మీపతని ఒకాయన, బొద్దు మీసాలు, నన్ను సూస్తే సాలు, "ఏమయ్యా టైలరూ, మీ రెడ్డెప్ప ఈసారన్నా మా వెంకటముని వీపు కాకుండా మొగం సూస్తాడా?" అని గొంతు సాగదీసేవాడు. ఇస్మాయిల్ నిమ్మళంగా, "లక్ష్మీపతి భాయ్, పోయినేడు మీవాడు ముప్పై నాలుగు నిమిషాల పది, మావాడు ముప్పై నాలుగు పదైదు. అయిదు సెకన్లకు అంత మీసం అవసరమా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. లక్ష్మీపతి కూడా నవ్వి, ఒక పుల్లైసు కొనుక్కోని పోయేవాడు. అట్లుండె అప్పుడు.

పది వేల మీటర్లంటే ఆ గ్రౌండ్లో ఇరవై అయిదు రౌండ్లు. ఆఫీసర్లు లెక్క రాసుకుంటారులే, కానీ వాళ్ళ లెక్క పరిగెత్తేవానికి యాడ వినపడతాది? మైకులో ఒక పక్క పాటలు, ఇంగో పక్క గుండు ఇసిరేవాళ్ళ రిజల్టు. అందుకని మీ తాత ఇస్మాయిల్‌తో ఒప్పందం పెట్టుకున్నాడు. "అన్నా, ఎవురేం చెప్పినా నేను వినను. ఇంగ ఆఖరు రౌండు అంటే నువ్వు గంట కొట్టు. గంట వింటే పానం ఇడిచిపెట్టి పరిగెత్తేస్తా" అని. ఇస్మాయిల్ ఏం చేసేవాడు? ఐసు ఫ్యాక్టరీలో కొత్త పుల్లల కట్ట ఒకటి అడిగి తెచ్చుకునేవాడు. గీత కాడ సైకిలు నిలబెట్టి, పక్కన మట్టి కుప్పేసి, రెడ్డెప్ప ఒక రౌండు పోయినప్పుడల్లా ఒక పుల్ల గుచ్చేవాడు. ఇరవై నాలుగు పుల్లలయితే గంట. మూడేండ్లు ఒక్కసారి కూడా తప్పలా. ఆఫీసర్లే వచ్చి, "ఏం సాయిబూ, ఎన్నయినాయి?" అని అడిగిపోయేవాళ్ళంటే సూసుకో.

ఆ ఏడు, డెబ్బై తొమ్మిది. మొదటి ఇద్దరికీ స్టేట్ మీట్. ఆడ మంచి టైము చేస్తే పోలీసుల్లో తీసుకుంటారని మాట ఉండె. మీ తాత అప్పుడు సైకిల్ మీద పాలు తోలుతా, చేన్లో చెనక్కాయలు పెరుకుతా ఉండె. ఆ పోలీసు ఉద్యోగం మీద ఎంత ఆశ పెట్టుకున్నాడో నాకు తెలుసు. నిక్కరు కుట్టించుకునే దినం అద్దంలో సూసుకోని, "అన్నా, ఖాకీ నిక్కరు కూడా నువ్వే కుట్టల్ల" అన్నాడు. ఎండ అట్లిట్లా కాదు. మీ తాత ఒట్టి కాళ్ళతో ముందర, వెంకటముని ఎనకాల, ఇంగొకడు మదనపల్లెవాడు వాని ఎనక. అబ్బా, ఏం పరుగప్పా అది! నేనైతే గొంతు పోయేదాకా అరిచినా. గొంతు ఎండిపోతే ఇస్మాయిల్ పెట్టె తెరిచి ఒక ఐసు తీసుకునేది, ఎర్రది, నాకు ఎప్పుడూ ఎర్రదే. ఆయన కన్ను గ్రౌండు మీదే. సరే, గంట కొట్టినాడు. గణగణా గణగణా! మీ తాత ఎగిరినాడప్పా, వెంకటముని యాడనో ఎనకబడిపాయె. లక్ష్మీపతి మీసాలు కిందికి దిగిపాయె. మీ తాత గీత దాటి, చేతులు రెండూ పైకెత్తి, నేల మీద పడిపోయినాడు. మేమంతా ఎగురుతా ఉండాము. ఆఫీసరు మాత్రం నెత్తీనోరూ కొట్టుకుంటా పరిగెత్తుకోని వస్తాండాడు, "లెయ్యి! లెయ్యి! ఇంగొక రౌండుంది!"

లేసినాడు. లేసి మళ్ళా పరిగెత్తినాడు, నిజం చెప్పల్ల. కానీ పానమంతా ఇడిచిపెట్టేసినాడే, ఇంగేం మిగిల్నింది? వెంకటముని పోయె, ఆ మదనపల్లెవాడు గీత కాడ ఒక్క మూర ముందర పోయె. మీ తాత మూడు. ఆ మూరెడు దూరానికి పోలీసు ఉద్యోగం పోయె. మీ తాత వచ్చి ఇస్మాయిల్ ఎదురుగా నిలబడినాడు, రొప్పుతా. తిట్టలా. "అన్నా, నిన్ను నమ్మితినే" అన్నాడు, అంతే. ఇస్మాయిల్ తల దించుకోని, "నా లెక్కే తప్పింది తమ్ముడూ" అన్నాడు. ఆ మర్నాడు గంట ఊడబెరికేసినాడు సైకిలుకు. ఎనభై ఆరులో పోయేదాకా మళ్ళా కొట్టలా. గొంతుతోనే "ఐసో..." అని అరిచేవాడు. గంట లేని ఐసు బండికి పిల్లోళ్ళు వస్తారా? జుబేదమ్మ, ఆయన పెండ్లాము, నా కాడికొచ్చి "అన్నా, నువ్వన్నా చెప్పు, గంట కట్టుకోమని" అని ఏడ్చింది. నేను ఏం చెప్పేది? మేము మీట్‌లకు పోవడం కూడా అయిపాయె. టీ అంగట్లో మాత్రం ఏండ్లు ఏండ్లు అదే మాట. "సాయిబుకు లెక్కే రాదు" అని ఒకడు, "కుప్పం వాళ్ళ కాడ తిన్నాడు" అని ఇంగొకడు. నేను ఆడనే కూసోని టీ తాగుతా విన్నా.

ఆ పందెం దినం సాయంత్రం ఏమైందంటే... అందరూ పోయినాక ఇస్మాయిల్ మట్టిలోంచి పుల్లలు ఒకొకటే పెరికి ఎంచుతా ఉండాడు. ఇరవై నాలుగు. అన్నీ కొత్తవి, తెల్లగా ఉండాయి. ఒకటి మాత్రం, మట్టిలోకి దిగిన మూతి ఎర్రగా ఉండాది. సప్పరించేసిన పుల్ల. పారేసేదానికి బదులు, పరుగు సూస్తా సూస్తా, ఆ వరసలోనే గుచ్చేసినా నేను. నాకు గుర్తే లేదప్పా, ఒట్టు. ఆ పుల్ల సూసినాడు ఇస్మాయిల్. నా మొగం సూసినాడు. తలకున్న తుండుగుడ్డ తీసి నా చేతికిచ్చి, "నోరు తుడుచుకో మునికృష్ణా, ఎవురన్నా సూస్తారు" అన్నాడు.

భయమప్పా. ఇంగేమీ లేదు, ఒట్టి భయం. ఆయనుండంగా చెప్పలా, పోయినాకా చెప్పలా.

మీ తాతకు మోకాళ్ళు బాగుండాయా? నడుస్తాండాడా? మంచిది. ఆదివారం యాడికీ పోకుండా ఇంట్లోనే ఉండమని చెప్పు. అంగీ కోసం నువ్వు రావద్దు, నేనే రామసముద్రానికి తెచ్చిస్తా.

చెయ్యి దించప్పా. కొలత ఎప్పుడో అయిపాయె.